డబ్బాలోకి రాని గుండీ

తొమ్మిదో భాగం

పోయిన వారం మనం భూతద్దాన్ని ఆమె కుర్చీలోనే వదిలేసి వచ్చాం. మౌస్ మీద చెయ్యి, స్క్రీను మీద చూపు. గడియారం పదకొండు దాటింది. నాలుగింటికి మేనేజరు రిపోర్టు మీద సంతకం పడుతుంది. ఆలోగా ఏదో ఒకటి తేలాలి.

కథను ఇవాళే అందుకున్నవారికి నాలుగు మాటలు. భూతద్దం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎవరు రాసిన కోడైనా వరుస వదలకుండా చదివి, తప్పును పట్టుకుని గానీ లేవదని ఆఫీసువాళ్లు పెట్టుకున్న పేరు. అక్కడ తయారయ్యేది నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లకు ప్రోగ్రాం. పాప ఒంటి వేడి ఎంతుందో స్క్రీను మీద క్షణక్షణం కనిపించాలి. పది రోజులపాటు చక్కగా కనిపిస్తుంది. పదకొండో రోజు స్క్రీను బిగుసుకుపోతుంది. రెండు నెలల కిందట ఒక వార్డులో అలాగే బిగుసుకుపోయింది. అంకె కదల్లేదు, పాప ఒళ్లు మాత్రం చల్లబడుతోంది. నర్సు అలవాటుగా చేత్తో తాకి చూడబట్టి సరిపోయింది. పాప క్షేమం. అయినా విచారణ విచారణే. అది తిరిగి తిరిగి మాస్టారి దగ్గర ఆగింది.

మాస్టారంటే భూతద్దానికి పని నేర్పిన పెద్దాయన. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు అదే కంపెనీ ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెబుతున్నారు. తప్పున్న వరుస ఎవరు రాశారని కంప్యూటరును అడిగితే అది ఆయన పేరే చూపిస్తోంది. రిపోర్టు మీద సంతకం పడితే ఆయన ఇక ఏ తరగతి గదిలోనూ అడుగు పెట్టలేరు.

ఆ తప్పును సరిచేస్తూ కోడు మార్పు పంపింది ఎవరో కాదు, భూతద్దం తోడికోడలే. ఇంట్లో చిన్నకోడలు, ఆఫీసులోనూ అదే పేరు ఖాయమైపోయింది. ఒక వంటింట్లో పొసగడమే గొప్ప, ఒకే ఆఫీసులో ఒకరు రాసింది ఒకరు దిద్దుకుంటూ వీళ్లెలా నెగ్గుకొస్తున్నారా అని అత్తగారికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

చిన్నకోడలు మార్పును మూడు భాగాలుగా పంపింది. మొదటిదాంట్లో పాతబడిన వ్యాఖ్యలు తీసేయడం. రెండోదాంట్లో పేర్లు మార్చడం. మూడోదాంట్లో మెమరీ ఎక్కడెక్కడ కారిపోతోందో అక్కడ మూయడం. భూతద్దం ఎప్పుడూ చివరి నుంచి మొదటికి చదువుతుంది. అదీ మాస్టారు నేర్పిన అలవాటే. "ముందు నుంచి చదివితే రాసినవాళ్లు చెప్పే కథ నమ్మేస్తాం. వెనక నుంచి వస్తే మన బుర్ర మనదగ్గరే ఉంటుంది" అనేవారాయన.

అలా మూడో భాగంలో ఒకచోట ఎర్రరంగులో మూడు వరుసలు కనిపించాయి. ఎరుపంటే తీసేసినవని అర్థం. అక్కడే ఆమె చెయ్యి ఆగిపోయింది.

భూతద్దం కళ్లు మూసుకుంది. ఏ మార్పు చదవబోయినా ఆమె ముందు లోపల ఒక్క మాట అనుకుంటుంది. 'చదివే కళ్లు నావి, చూపించాల్సింది నువ్వు తండ్రీ.' దేవుడికి కంప్యూటర్ల సంగతి పట్టునా అని ఒకసారి చిన్నకోడలు అడిగింది. పసిపిల్లల సంగతి పట్టదా అని ఆమె ఎదురడిగింది. ఆ ప్రశ్నలు రెండూ అక్కడే ఆగిపోయాయి.

కళ్లు తెరిచి, సొరుగు లాగి, బిస్కెట్ల రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల చొక్కా గుండీలు గలగలమన్నాయి.

"అక్క డబ్బా తీసిందర్రా," అన్నారెవరో పక్క వరుసలో. "ఇవాళ ఎవరికో మూడింది."

ఎవరికో చిన్నకోడలికి తెలుసు. తన కుర్చీ తోసుకుంటూ వచ్చేసింది.

"ఏంటక్కా, గుండీలదాకా వెళ్లావు. అంత ఘోరం ఏం రాశాను?"

"కూర్చో. ఘోరమో కాదో గుండీలు చెబుతాయి."

"పొద్దున కూరలో ఉప్పెక్కువైందన్నాను, అందుకు కాదు కదా?"

"ఆ సంగతి సాయంత్రం ఇంటికెళ్లాక చూసుకుందాం."

గుండీల పద్ధతి చెప్పాలంటే తేలికే. సెన్సరు పాప ఒంటి వేడిని కొలిచిన ప్రతిసారీ, ఆ అంకె రాసుకోవడానికి ప్రోగ్రాం మెమరీలో కాస్త చోటు తీసుకుంటుంది. పని అయ్యాక ఆ చోటు తిరిగి ఇచ్చేయాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అలమరలోంచి కొత్త గ్లాసు తీసి ఇచ్చి, తాగిన గ్లాసును ఎక్కడంటే అక్కడ వదిలేస్తూ పోతే ఏమవుతుంది? కొన్నాళ్లకు అలమర ఖాళీ. పదకొండో రోజు జరుగుతున్నదదే. కోడు చదువుతూ, చోటు తీసుకున్నప్పుడల్లా భూతద్దం డబ్బాలోంచి ఒక గుండీ తీసి బల్ల మీద పెడుతుంది. తిరిగి ఇచ్చినప్పుడల్లా ఒక గుండీ డబ్బాలో వేస్తుంది. చదవడం పూర్తయ్యాక బల్ల మీద గుండీ మిగిలితే, కారుతున్న చోటు దొరికినట్టే.

మొదటి రెండు చోట్లా చిన్నకోడలు చక్కగా మూసింది. గుండీలన్నీ డబ్బాలోకి చేరాయి. భూతద్దం తలూపింది. ఆ తలూపుకే చిన్నకోడలు కుర్చీలో కాస్త వెనక్కి వాలింది.

"ఇక మూడోది," అంది భూతద్దం. ఒక నల్లగుండీ తీసి చిన్నకోడలి అరచేతిలో పెట్టింది. "నువ్వు అలారానివి."

"నేనా?"

"ఇంట్లో ఎలాగూ నువ్వేగా. వినవే. పాపకు పాలు పట్టడానికి బయటికి తీశారు, సెన్సరు వైరు పీకారు. వైరు ఊడితే అలారం మోగాలి. ఆఖరిసారి వేడి ఎంతుందో అలారం చదువుతూ ఉండాలి. ఆ అంకె ఉన్న చోటే ఈ గుండీ. ముందు పాత కోడు ప్రకారం చేద్దాం. నేను సెన్సరుని, వైరు ఊడినప్పుడు చోటు తిరిగి ఇచ్చేసే పని నాది. కానీ నువ్వు తీసేసిన ఈ ఎర్ర వరుసలు ఏమంటున్నాయి?"

చిన్నకోడలు స్క్రీను వైపు వంగింది. "అలారం మోగుతూ ఉంటే నువ్వు ఇవ్వొద్దు, అలారానికే వదిలేయి అంటున్నాయి."

"వదిలేశాను. మోగడం అయిపోయింది. నువ్వు క్లీనప్ చేయాలి. చెయ్యి."

"చేశాను."

"గుండీ డబ్బాలో వేశావా?"

చిన్నకోడలు గుప్పిట విప్పి చూసుకుంది. నల్లగుండీ అక్కడే ఉంది.

ఆ ప్రోగ్రాంలో క్లీనప్ అన్న పేరుతో నాలుగు ఫంక్షన్లు, అంటే ఒక్కో పనికి రాసిపెట్టిన కోడు ముక్కలు, ఉన్నాయి. మూడు చోట్ల దాని అర్థం, చోటు తిరిగి ఇచ్చేయమని. అలారం దగ్గర మాత్రం, లోపలిది తుడిచి చోటు అట్టేపెట్టుకోమని. గ్లాసు కడగడం ఒకటి, అలమరలో పెట్టడం ఒకటి. రెంటికీ ఒకటే పేరు పెడితే, కడిగినవాళ్లు పెట్టేశామనుకుంటారు. చిన్నకోడలు చేసిన పేర్లమార్పు ఇందుకే. మూడింటికి 'తిరిగి ఇవ్వు' అని, నాలుగోదానికి 'ఖాళీ చేయి' అని పెట్టింది. ఇన్నేళ్లూ ఎవరి కంటికీ ఆనని తేడా ఆ కొత్తపేర్లతో ఇప్పుడు దీపం పెట్టినట్టు కనిపిస్తోంది.

"అక్కా," అంది చిన్నకోడలు. "నాది ఖాళీ చేయడమే. తుడుస్తాను, అంతే. వైరు పీకిన ప్రతిసారీ ఒక గుండీ నా దగ్గర ఉండిపోతోంది."

"వార్డులో రోజుకు ఎన్నిసార్లు పీకుతారు?"

"పాలకు, బట్టలు మార్చడానికి, బరువు చూడ్డానికి..." చిన్నకోడలు వేళ్లు మడవడం ఆపేసింది. "మెమరీ అంతా అయిపోవడానికి సరిగ్గా పదకొండు రోజులు పడుతుంది."

ఎనిమిది వారాలుగా వెతుకుతున్నది అరచేతిలో, అదీ తోడికోడలి అరచేతిలో దొరికింది. అయినా భూతద్దం మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఇప్పుడు నీ మార్పు ప్రకారం. ఎర్ర వరుసలు తీసేశావు. అలారం మోగుతున్నా లేకపోయినా నేనే తిరిగి ఇచ్చేస్తాను. ఊఁ, మోగు."

"ట్రింగ్," అంది చిన్నకోడలు మొహమాటంగా. పక్క వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ట్రింగ్, ట్రిం... ఏయ్, లాక్కుంటావేంటి, నేనింకా చదువుతున్నాను కదా."

గుండీ అప్పటికే డబ్బాలో పడింది.

"అదే నేనంటున్నది. నువ్వింకా చదువుతున్నావు. నేను లాగేసుకున్నాను. ఇప్పుడేం చదువుతావు?"

చిన్నకోడలు డబ్బాలోకి తొంగి చూసింది. "రెండు వందలసార్లు పరీక్షించానక్కా. ఒక్కసారి కూడా ఆగలేదు."

"అలారం మోగుతుండగానే?"

"చెవులు చిల్లులు పడుతున్నాయమ్మా, ఆపి చేసుకోమని బాబాయి..." మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఇద్దరూ ఒక్కసారే లేచారు.

పరీక్షల గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు బాబాయి. ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. ఆయన ముందు ఇంక్యుబేటరు, దాంట్లో పాప బదులు వెచ్చటి నీళ్ల సంచీ.

"బాబాయ్, అలారం పెట్టండి," అంది భూతద్దం.

"ఆఁ?"

"అలారం."

"మళ్లీనా తల్లీ. మొన్న నాలుగు రోజులపాటు మా ఆవిడ పిలిచినా వినపడలేదు నాకు."

"అందుకు ఆవిడేమీ అనలేదా?"

"కాఫీ అడిగితే నాకూ వినపడలేదంది."

అలారం పెట్టారు. చిన్నకోడలు వైరు పీకగానే గదంతా కీచుమని అదిరింది. స్క్రీనుకు ఏమీ కాలేదు. మళ్లీ గుచ్చి, మళ్లీ పీకింది. ఏమీ కాలేదు. మూడోసారీ అంతే. చూశావా అన్నట్టు అక్క వైపు తిరగబోయింది. నాలుగోసారి పీకేసరికి స్క్రీను నల్లబడిపోయింది. బిగుసుకోవడం కాదు, పూర్తిగా ఆరిపోయింది. అలారం కూడా గొంతు నొక్కినట్టు మధ్యలోనే ఆగిపోయింది.

ఈ మార్పు నాలుగింటికి వార్డులకు వెళ్లాల్సింది.

"నేను ఆపమనకుండా ఉండాల్సింది," అన్నాడు బాబాయి, చెవుల్లో దూది తీస్తూ.

"మీరు ఆపమన్నారు, నేను ఆపాను," అంది చిన్నకోడలు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏడుపు తర్వాత. ముందు రాయి," అంది భూతద్దం. "ఎర్ర వరుసలు వెనక్కి పెట్టు. అవి రాసినవాళ్ల ఆలోచన సరైనదే. మోగుతుండగా లాక్కోకూడదు. వాళ్లు పొరబడింది ఒక్కచోటే. అలారం తనపని అయ్యాక తిరిగి ఇచ్చేస్తుందనుకున్నారు. ఇవ్వదని మనకిప్పుడు తెలుసు. ఇచ్చేలా చెయ్యి."

చిన్నకోడలు కళ్లు తుడుచుకుని కూర్చుంది. అలారం చివర 'ఖాళీ చేయి' అన్నది చెరిపి, 'తిరిగి ఇవ్వు' అని పెట్టింది. ఒక్క ఫంక్షన్ పేరు. ఎనిమిది వారాలు, విచారణ, ఒక పసిపాప చల్లబడ్డ ఒళ్లు, అన్నిటికీ జవాబు ఆ ఒక్క పేరు.

మళ్లీ అలారం. ఈసారి మెమరీ ఎంత వాడుతోందో చూపించే అంకెను స్క్రీను మూలన పెట్టుకున్నారు. వైరు పీకగానే అది కాస్త పెరిగేది, అలారం ఆగగానే మొదటి చోటికి దిగివచ్చేది. చిన్నకోడలు పీకుతోంది, భూతద్దం గుచ్చుతోంది, బాబాయి పైకి లెక్కపెడుతున్నాడు. యాభై. డెబ్భై. తొంభై. పక్క గదుల్లోంచి జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నూరు అనేసరికి అంకె మొదట ఎంతుందో అంతే ఉంది. చెవులు మూసుకుని మరీ అందరూ నవ్వుతున్నారు. బాబాయి లేచి నీళ్ల సంచీని ఎత్తుకుని, పాపను ఊపినట్టు రెండు ఊపులు ఊపాడు.

"ఇప్పుడు తిను పో, ఆకలితో కళ్లు పీక్కుపోతున్నాయి," అంది భూతద్దం. చిన్నకోడలి భుజం తట్టబోయి, జుట్టు సవరించింది.

తిరిగి తన చోటికి వచ్చేసరికి రెండూ ముప్పావు. మూడో భాగం సరే అని గుర్తు పెట్టింది. రెండో భాగంలో కొత్తపేర్లను మరోసారి చదివింది, సరే అని పెట్టింది. మిగిలింది మొదటి భాగం, తీసేసిన వ్యాఖ్యలు. వ్యాఖ్యలంటే కోడు పక్కన మనుషులు మనుషుల కోసం రాసుకునే మాటలు. యంత్రం వాటిని చదవదు. అందుకే వాటిని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. భూతద్దానికి ఉంది.

అన్నీ పాతవే. ఎప్పుడో తీరిపోయిన సందేహాలు, ఎవరో మర్చిపోయిన గుర్తులు. చివరికి వచ్చేసింది. ఆఖరి ఎర్ర వరుస ఇందాకటి ఆ మూడు వరుసల నెత్తి మీద ఉండేదే.

"తాత్కాలికం. మాస్టారు రాగానే అడిగి సరిచేయాలి."

ఆమె ఒకసారి చదివింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివింది.

కంప్యూటరు ఆ మాట పక్కన మాస్టారి పేరే చూపిస్తోంది. మాస్టారు రాగానే అడగాలని మాస్టారు ఎందుకు రాసుకుంటారు?

పక్కనే తేదీ ఉంది. పన్నెండేళ్ల కిందటిది. ఆ వారం మాస్టారికి కంటి ఆపరేషన్. అప్పటికి ఆరు వారాల ముందు చేరిన ఒక కొత్తమ్మాయికి ఇంకా సొంత లాగిన్ రాలేదు. నా సీట్లో కూర్చుని పనిచేసుకో అమ్మా అని ఆయనే చెప్పి వెళ్లారు. అలారం మోగుతుంటే యంత్రం ఆరిపోతోందని ఆ అమ్మాయి కనిపెట్టింది. భయపడుతూనే మూడు వరుసలు రాసింది. మీద ఒక గుర్తు రాసుకుంది. ఆ తర్వాత ఇంకో పని, ఇంకో యంత్రం, పెళ్లి, పిల్లలు, వేల వరుసలు.

అడగడం మర్చిపోయింది.

ఆ కొత్తమ్మాయే ఈ భూతద్దం. చేసిన తప్పు చేసినవాళ్లను వెతుక్కుంటూ రావడం న్యాయమే. కానీ ఇన్నేళ్లు ఆలస్యంగా, దారిలో వేరొకరి గుమ్మం తట్టి మరీ రావాలా? దానికి జవాబు ఆమెకు తెలియలేదు. తెలిసినవాడు చెప్పడు.

ఇంకో ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాల్సినవాళ్లు పక్కనే ఉన్నారు.

"అమ్మాయ్," అని పిలిచింది. డబ్బా మూత పెడుతూ చిన్నకోడలు వచ్చింది. "ఈ మాట ఎందుకు తీసేశావు?"

"పాతది కదక్కా."

"నా మొహం చూసి చెప్పు."

చిన్నకోడలు చూడలేదు. గోరుతో డబ్బా మూతను గీకుతూ నిలబడింది.

"ఇంట్లో ఫ్రిజ్ మీద చీటీలు పెడతావు," అంది చివరికి, నెమ్మదిగా. "గ్యాస్ పొయ్యి తాత్కాలికంగా వెలుగుతుంది, మీ బావగారు రాగానే అడిగి బాగుచేయించాలి. కుళాయి తాత్కాలికంగా కట్టాను, రాగానే అడగాలి. ఏడేళ్లుగా రోజూ చదువుతున్నాను నీ రాత. ఇక్కడ చూడగానే నీదని తెలిసిపోయింది."

"తెలిసి తీసేశావా?"

"మాస్టారు రిటైరయ్యారు, ఆయనకేం పోతుందిలే అనుకున్నాను. నువ్వైతే రేపట్నుంచి ఎవరి కోడూ చూడనివ్వరు. భూతద్దమే తప్పు చేసిందట అంటారు. ఆ మాట నేను వినలేనక్కా."

భూతద్దం స్క్రీను వైపు తిరిగింది. తనను ఇంతగా కాపాడాలనుకున్న మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలి? తెచ్చుకోకుండా ఎలా ఉండాలి? సరే అన్న మీట ఒకటి, కాదు అన్న మీట ఒకటి, స్క్రీను మీద రెండూ ఎదురుగానే ఉన్నాయి. సరే అంటే అన్నీ సర్దుకుంటాయి. పసిపిల్లలు క్షేమం, ఆమె పేరు క్షేమం. ఒక్క మాస్టారే మిగిలిపోతారు, డబ్బాలోకి రాని గుండీలా.

"మాస్టారికేం పోతుందన్నావు," అంది భూతద్దం. "ఈ డబ్బా ఎవరిదో తెలుసా నీకు?"

చిన్నకోడలి చెయ్యి మూత మీద ఆగిపోయింది.

భూతద్దం ఆ డబ్బాలోంచి నల్లగుండీ తీసి గుప్పిట్లో పెట్టుకుని, కాదు అన్న మీట నొక్కింది. కారణం రాయాల్సిన చోట రాసింది. "తీసేసిన వ్యాఖ్య తిరిగి పెట్టాలి. ఆ వ్యాఖ్య, దాని కింద మూడు వరుసలు నేను రాసినవి. మాస్టారివి కావు." ఆఫీసులో అందరికీ కనిపించేలా పంపేసింది. నాలుగు బల్లల అవతల ఒక కంప్యూటరు టింగుమంది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ.

మూడుంబావు. మాస్టారికి ముందు తనే చెప్పాలని ఫోన్ చేసింది. మోగుతోంది. ఆ మోత చెవిలోనే కాదు, కారిడారు చివర్నుంచి కూడా వినిపిస్తోంది. ఫోన్ పెట్టేసింది. అక్కడ మోత ఆగింది.

"మాస్టారు వచ్చి అరగంటైంది కదమ్మా," అన్నాడు అటుగా వస్తున్న బాబాయి. "మేనేజరు రమ్మన్నారట."

ఆమె పరుగెత్తింది. చేతిలో నల్లగుండీ ఉన్న సంగతి కూడా తెలియదు. తలుపు తట్టకుండానే తోసింది.

బల్లకు అటు మేనేజరు, ఇటు మాస్టారు. మధ్యలో రిపోర్టు. మాస్టారు కలం మూత పెడుతున్నారు.

"రామ్మా," అన్నారాయన. "నీ గురించే అనుకుంటున్నాం."

"మాస్టారు ఒప్పుకుని సంతకం పెట్టేశారు," అన్నాడు మేనేజరు తొందరగా. "ఇక ఇందులో మీరు చేయాల్సింది ఏమీ లేదు."

"ఆ వరుసలు నావి సార్," అంది భూతద్దం. "ఆయనవి కావు. నేనే రాశాను, ఆయన సీట్లో కూర్చుని."

మాస్టారు నవ్వారు. ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. కంటికట్టు విప్పిన మర్నాడే చూశాను."

భూతద్దం బల్ల దగ్గరికి వచ్చింది. పన్నెండేళ్లు. "చూసి... చూసి కూడా ఎందుకు ఉంచేశారు?"

మాస్టారు ఆమె వైపు చూడలేదు. కలాన్ని జేబుకు తగిలించుకుని, బల్లకు అటువైపు చూశారు.

"ఆ రోజు సరిచేసి తెచ్చిన కాయితం నీ చేతికే ఇచ్చానుగా," అన్నారు మేనేజరుతో, కుశలం అడిగినంత మామూలుగా. "అది ఏమైందో అమ్మాయికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మేనేజరు చెయ్యి రిపోర్టును తనవైపు లాక్కుంటోంది. కానీ భూతద్దం అరచెయ్యి అప్పటికే దాని మీద పడింది, నల్లగుండీతో సహా.